వింబుల్డను వాకిట వరుస

ధనవంతునకు ముందువరుస, సామాన్యునకు వెనుకవరుస యనుట క్రీడారంగములం దెల్లెడల నాచారమై పోయినది. ఈ యాచారమునకు లండను నగరమున నొక విచిత్రమైన మినహాయింపు గలదు. ఏటేట వేసవిలో రెండు వారములు సాగు వింబుల్డను టెన్నిసు పోటీలకు, ముందునాటి రాత్రి పచ్చికపై పండుకొన్న గుమాస్తా తెల్లవారిన పిమ్మట సెంటరు కోర్టులో ప్రభువుల సరసనే కూర్చుండవచ్చును.

అభిమాని దినము అచట ముందునాడే యారంభమగును. సౌత్‌ఫీల్డ్సు స్టేషనులో దిగి వింబుల్డను పార్కునకు నడచి, వరుస చివర నిలిచినవానికి తేదీయు సంఖ్యయు గల చీటి నిత్తురు. ఇద్దరు పట్టు గుడారమునకు మించి వేయరాదు. వేకువనే కావలివారు వచ్చి లేపుదురు. గుడారములు మడచి సామానుల కొట్టున నప్పగింపవలెను. మూడు పెద్ద కోర్టులకు దాదాపు 500 చొప్పున టిక్కెట్లు ఈ వరుసవారికై దినదినము విడిచియుంచెదరు. మనిషి కొకటియే. తనకు బదులుగా మఱియొకనిని నిలుపుట కుదరదు. రాజుగారి బంటు రాత్రియెల్ల నిలిచినను టిక్కెట్టు బంటునకే గాని రాజుగారికి దక్కదు! ఈ యొక్క నియమమునకై ఆ క్లబ్బువారి లోపములను పెక్కింటిని మేము క్షమింప సిద్ధముగ నున్నాము.

పెద్ద కోర్టు దొరకనివాడు మైదాన ప్రవేశము మాత్రము కొనును. 2024లో మొదటి దినములం దాని వెల 30 పౌనులు. వాని దినమును వ్యర్థము గాదు. పదునొకండు గంటలకు చిన్న కోర్టులలో నాట యారంభమగును. అచట బల్లపై గూర్చున్నవానికి బంతి తగులు చప్పుడేగాక ఆటగాడు తనలో తాను గొణుగుకొనుటయు వినబడును. ఎనిమిది మిల్లీమీటర్ల యెత్తున కత్తిరించిన పచ్చికపై బంతి యెంత తక్కువగ లేచునో చిత్రములలో జూచి తెలిసికొనుట దుర్లభము. మధ్యాహ్నము గుట్టపై గూర్చుండి పెద్ద తెరపై సెంటరు కోర్టు ఆట జూచుచు స్ట్రాబెరీ పండ్లు మీగడతో దినుట యొక సంప్రదాయము. ఆ పండ్ల వెల 2010 నుండి 2024 వఱకు రెండున్నర పౌనులకు మించలేదు. 2025లో రెండు పౌనుల డెబ్బది పెన్నీలైనది. సాయంకాలము పెందలకడ నింటికి బోవువారు విడిచిన టిక్కెట్లను స్వల్పధరకు మరల నమ్ముదురు. 1954 నుండి యున్న యేర్పాటిది. సొమ్ము ధర్మకార్యములకు బోవును. ఇంతకంటె ముచ్చటైన వ్యాపారమును మే మెఱుగము.

ఇక రెండవ ముఖము. సెంటరు కోర్టున దాదాపు 15,000 కుర్చీలు గలవు. వరుసవారికి దక్కునవి ముప్పదింట నొక పాలు మాత్రమే. చివరి నాలుగు దినములు అదియు లేదు. అధిక భాగము 1924 నుండి సాగుచున్న చీట్ల పద్ధతిని, క్లబ్బుల మూలమునను పంచబడును. ఇవిగాక డిబెంచరు కుర్చీలు గలవు. 2021 మొదలు 2025 వఱకు ఐదేండ్లకు సెంటరు కోర్టు డిబెంచరు వెల 80,000 పౌనులు. తరువాతి యైదేండ్లకు 1,16,000. ఇతరుల టిక్కెట్టును మాఱుబేరమునకు బెట్టినచో చెల్లదు; డిబెంచరువారు మాత్రము తమ టిక్కెట్టు నిచ్చవచ్చిన వెలకు నమ్ముకొనవచ్చును. ఆ ధనముతో కోర్టులు, కప్పులు కట్టబడుట వాస్తవమే. 1877లో తొలి పోటీ తుది యాటను షిల్లింగు చొప్పున నిచ్చి యిన్నూఱుమంది చూచిరి. 1968లో పురుషుల విజేతకు 2,000 పౌనులు, 2025లో 30 లక్షలు. ఇంత సొమ్ము ఎచటనుండియో రావలెను గదా. అయినను ఒకే యింటిలో రెండు ధర్మము లెట్లు నిలుచునని మా ప్రశ్న.

ఈ విచారము మనకేల యని పాఠకు లడుగవచ్చును. 1939లో గౌసు మహమ్మదు అచట తుది యెనమండుగురిలో నిలిచెను. రామనాథన్ కృష్ణన్ 1960, 1961లలో తుది నలుగురిలో నిలిచెను. మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా 2015లో మార్టీనా హింగిసుతో గూడి జంటల పోటీని గెలిచెను. ఆటగాండ్రను గూర్చి గర్వించితిమి. చూపరిని గూర్చి తలచితిమా? మన పట్టణములలో పెద్ద పందెము వచ్చినచో మొదటి వరుసలు సిఫారసు చీటీలతో నిండును. టిక్కెట్టు కొన్నవాడు ఎండలో లాఠీ క్రింద నిలుచును. చాపపై పండుకొనియైనను న్యాయముగ చోటు సంపాదించుకొను మార్గము వానికి లేదు.

వింబుల్డను క్లబ్బువారు పార్కు ప్రక్కనున్న పాత గోల్ఫు మైదానమున 8,000 కుర్చీల క్రొత్త రంగమును గట్ట దలచిరి. స్థానికులు కొందఱు ప్రతిఘటించినను 2024 సెప్టెంబరులో లండను మహానగరాధికారు లనుమతించిరి. 2025 జూలైలో హైకోర్టు ఆ యనుమతిని నిలిపినది. ఆ కుర్చీలలో నెన్ని డిబెంచరువారికి, నెన్ని రాత్రియెల్ల పచ్చికపై వేచినవారికి? రెండువేలకు తక్కువ గాకుండ వరుసకు విడువవలెనని మా యభిప్రాయము. చివరి నాలుగు దినములు గూడ.