మిర్చి ధర పడింది.. పురుగుమందుల షాపులో సరుకు మిగిలింది! పర్చూరు వైపు స్టాక్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

మిర్చి ధర పడితే రైతు నష్టపోతాడు. ఇది అందరికీ తెలిసిన వార్తే. అదే దెబ్బ ఆరు నెలలకి ఊళ్లోని ఎరువులు, పురుగుమందుల షాపుకీ తగులుతుంది. అది మాత్రం పెద్దగా ఎవరి కంటా పడదు.

బాపట్ల జిల్లా పర్చూరు చుట్టూ ఎక్కువగా నల్లరేగడి. పత్తి, మిర్చి, పొగాకు, శనగ.. ఏ ఏడాది రైతు దేనివైపు మొగ్గుతాడో ముందే చెప్పడం కష్టం. షాపు యజమానికి మాత్రం ముందే తెలియాలి. ఎందుకంటే కంపెనీలు సీజన్‌కి ముందే సరుకు దించేస్తాయి. ఇంత ఎత్తితే ఇంత డిస్కౌంట్, ఇంకాస్త ఎత్తితే ఫారిన్ టూర్. రైతు విత్తనం కొనకముందే ఇక్కడ ర్యాక్‌లు నిండిపోతాయి.

2025లో ఏం జరిగింది?

2023లో గుంటూరు యార్డులో క్వింటా రూ.20 వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో కుప్పకూలింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. తర్వాతి సీజన్‌లో చాలామంది రైతులు మిర్చి తగ్గించారు.

షాపులకి అసలు చిక్కు ఇక్కడే. మిర్చికి కొట్టినన్ని మందులు ఈ ప్రాంతంలో మరో పంటకి కొట్టరు. 2021-22లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డాక అది ఇంకా పెరిగింది. అదే రైతు శనగకి మారితే అన్ని పిచికారీలు అక్కర్లేదు. ఎకరం అదే, రైతూ అతనే, కౌంటర్‌లో పడే డబ్బు మాత్రం సగానికి సగం పడిపోవచ్చు.

మిగిలిన సీసాల్ని వచ్చే ఏడాది అమ్ముకుందాం అంటే, చాలా మందులకి గడువు రెండేళ్లే. తయారైన దగ్గర్నుంచి షాపుకి చేరేలోపే అందులో కొన్ని నెలలు పోతాయి. గడువు దాటిన మందు అమ్మితే నేరం. దాన్ని విడిగా పెట్టి, అమ్మకానికి కాదని ముద్ర వేయాలి. కంపెనీ వెనక్కి తీసుకుంటే సరే, లేదంటే నష్టం షాపుదే.

గడువు దాటకపోయినా ఖర్చు ఆగదు. రూ.2 వడ్డీకి తెచ్చిన లక్ష రూపాయల సరుకు పది నెలలు కదలకపోతే, వడ్డీయే రూ.20 వేలు. జూన్‌లో వచ్చిన డిస్కౌంట్ ఇందులోనే కరిగిపోతుంది. టూర్ ఫొటోలు మాత్రం మిగులుతాయి.

యూరియాది ఇంకో తలనొప్పి

మందుల్లో సరుకు మిగిలితే బాధ, యూరియాలో చాలకపోతే బాధ. 2025 ఆగస్టు, సెప్టెంబర్‌లలో రూ.266.50 బస్తా కోసం రాష్ట్రంలో చాలాచోట్ల రైతులు క్యూ కట్టారు. ఆ రద్దీలో తెలిసిన రైతే కదా, వేలిముద్ర తర్వాత వేయించుకుందాంలే అని బస్తా ఇచ్చేస్తే అంతే. ఈ-పాస్ మెషిన్‌లో ఆ బస్తా ఉంటుంది, గోదాంలో ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి చూసేది ఆ తేడానే. లైసెన్స్ మీదకి వస్తుంది.

ఇక ఖాతా పుస్తకం. అరువుకి ఇచ్చిన సరుకు షాపులో ఉండదు, పొలంలో ఉంటుంది. పంట అమ్ముడైతేనే డబ్బు. 2025లో నల్ల బర్లీ పొగాకును కంపెనీలు సరిగా కొనక, చివరికి మార్క్‌ఫెడ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. అలాంటి ఏడాది పాత బాకీ గట్టిగా అడగలేరు, కొత్త సరుకు ఇవ్వకుండానూ ఉండలేరు. ఇవ్వకపోతే రైతు పక్క షాపుకి పోతాడు, పాత బాకీతో సహా.

మరి దారేంటి?

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత అమ్మారో చెబుతుంది, రైతు ఏం వేయబోతున్నాడో చెప్పదు. అది చెప్పేది నర్సరీలు. మిర్చి నారు ఎన్ని లక్షల మొక్కలు బుక్ అయ్యాయో కనుక్కుంటే ఎన్ని ఎకరాలు పడుతుందో దాదాపు తేలిపోతుంది. ఖాతాలో ప్రతి రైతు పేరు పక్కన ఈసారి పంట రాసుకున్నా చాలు. మొదట కొంచెమే దించుకుని, ఈ లెక్క తేలాక మిగతాది ఆర్డర్ పెట్టడం మేలు. డిస్కౌంట్ తగ్గుతుంది, నిజమే. గడువు దాటిన సీసాల కంటే అది చవకే.

చిక్కల్లా ఒక్కటే. నారు లెక్క తేలేది ఆగస్టులో. స్కీముల గడువు చాలావరకు అంతకుముందే ముగుస్తుంది.