గట్టిపడని రెజిన్, నాన్న టికెట్

నాన్న అబిడ్స్‌లో ఒక బట్టల షాపులో 38 ఏళ్లు గుమాస్తాగా చేశారు. ఈ జనవరి నెలాఖరుతో మానేస్తానన్నారు. గిఫ్ట్ ఏదైనా ఇద్దామంటే వాచీ వద్దు, ఫోన్ వద్దు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన దాచుకున్న పాత రైల్వే టైంటేబుల్ పుస్తకం. దాని మధ్యలో మూడు అట్ట టికెట్లు ఉంటాయి. మనం చూసే పల్చటి కాగితం కాదు, మందంగా, గట్టిగా ఉండే చిన్న అట్టముక్కలు. అందులో ఒకటి 1987లో పని వెతుక్కుంటూ వికారాబాద్ నుంచి నాంపల్లిలో దిగిన రోజుది. గేటు దగ్గర ఇచ్చేయాల్సిన టికెట్ జేబులో ఎలా మిగిలిందో మాత్రం ఇప్పటికీ చెప్పరు.

సరిగ్గా అదే వారం నుమాయిష్‌కి వెళ్లా. ఒక స్టాల్‌లో రెజిన్ కోస్టర్లు, లోపల ఎండిన పూలు. అద్దంలో పెట్టి మూసేసినట్టున్నాయి. ఇంకేముంది, ఆన్‌లైన్‌లో ఎపాక్సీ రెజిన్, హార్డెనర్, సిలికాన్ మోల్డ్ ఆర్డర్ పెట్టా. నాన్నకి చెప్పకుండా రెండు టికెట్లు తీసుకున్నా. కాగితం రెజిన్ పీల్చకుండా ముందు ఫెవికాల్ పూయాలని వీడియోలో చెప్పాడు, పూశా. అంచులకి పూయడం మర్చిపోయా.

రాత్రి పోశా. 24 గంటల్లో రాయిలా అవుతుందని డబ్బా మీద ఉంది. రెండు రోజులైంది, మూడు రోజులైంది. వేలు పెడితే బెల్లం పాకంలా అంటుకుంటోంది. ఒక మూలైతే నీళ్లలా కదులుతోంది.

చలి వల్లేమో అనుకుని, అట్టపెట్టెలో బల్బు పెట్టి వెచ్చగా ఉంచా. చలికి రెజిన్ నెమ్మదిగా గట్టిపడే మాట నిజమే, కానీ నా సమస్య అది కాదు. డబ్బా మీద 2:1 అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'కొలత ప్రకారం' అని కూడా ఉంది. అంటే రెండు కప్పులకి ఒక కప్పు. నేను కిచెన్ త్రాసు మీద 60 గ్రాములకి 30 గ్రాములు తూచా. రెజిన్ బరువెక్కువ, హార్డెనర్ తేలిక. లెక్క ప్రకారం 26, 27 గ్రాములు చాలు. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ యూనిట్లు కలవక పోయింది, గుర్తుందా? కాలేజీలో ఆ కథ విని నవ్విన బ్యాచ్ మాది.

హార్డెనర్ కాస్త ఎక్కువైతే ఇంకా గట్టిపడాలి కదా అని మీకూ అనిపించొచ్చు. సిమెంట్ కాదు ఇది. రెజిన్ అణువులకి హార్డెనర్ అణువులు లెక్కగా జతపడితేనే గట్టి వల అల్లుకుంటుంది. జత దొరకనివి మధ్యలో అలాగే మిగిలి మొత్తాన్ని మెత్తగా ఉంచేస్తాయి. పైన ఇంకాస్త రెజిన్ చల్లినా లోపలికి వెళ్లి కలవదు. ఇక ఆ నీళ్ల మూల నేను చేసిన రెండో తప్పు. కప్పు గోడలకి సరిగ్గా కలవకుండా అంటుకున్నది కూడా గీకి మోల్డ్‌లో వేశా. ఎం-సీల్ అయితే రెండు రంగులు ఒకటయ్యేదాకా పిసుకుతాం, కళ్లకే తెలుస్తుంది. ఇక్కడ రెండూ నీళ్ల రంగే.

పైన సరైన కొలతతో ఇంకో పొర పోసెయ్ అని ఒక ఫ్రెండ్ సలహా. కింద పొర గట్టిపడి, పైపైన జిగురుంటే అది పనిచేస్తుంది. కింద ద్రవమే ఉంటే మూత పెట్టినట్టే, ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. తీసెయ్యాల్సిందే.

ఆదివారం అబిడ్స్ వెళ్తే షాపులన్నీ బంద్, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. నాకు ఆ మాత్రం గుర్తులేదు. ఒక పుస్తకం కొనుక్కుని వచ్చేశా. సోమవారం ఆఫీస్ అయ్యాక జగదీష్ మార్కెట్‌కి పోయా. ఫోన్ బోర్డులు తుడవడానికి రిపేర్ వాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారని తెలుసు. షాపులో ఆయన నా మోల్డ్ చూసి, "ముందు గీకు తమ్మీ. గీకకుండ ఐపీఏ పోస్తే అంతటా పూసుకుంటది" అన్నాడు. రెండు వీడియోలు చెప్పలేని మాట అది.

ఇంటికొచ్చి కిటికీలు తెరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేశా. మెత్తబడ్డాక పాత ఏటీఎం కార్డుతో పొరలు పొరలుగా లేపా. డ్రయ్యర్ పక్కన పెట్టేశాకే ఐపీఏ సీసా మూత తీశా, అది ఇట్టే అంటుకుంటుంది. దూదికి కొద్దిగా తడి చేసి టికెట్ మీద అద్దడమే, రుద్దకూడదు. అక్షరాల మీదకి అసలు పోలేదు. గీకిన జిగురు సింక్‌లో వెయ్యలేదు, పాత నెయ్యి డబ్బాలో వేసి మూత బిగించా. తుడిచిన టిష్యూలు బాల్కనీలో ఆరబెట్టాకే పారేశా.

అన్నిటికంటే పెద్ద తప్పు మొదటి రోజే చేశా. గ్లవ్స్ లేవు. చేతికి అంటిన జిగురుని అక్క నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచా. అది జిగురుని కరిగించి చర్మం లోపలికి పంపుతుందట. మణికట్టు మీద వారం పాటు ఎర్రటి దద్దుర్లు, దురద. రెజిన్ అలర్జీ ఒకసారి పట్టుకుంటే మళ్లీ ముట్టుకున్నప్పుడల్లా వస్తుందని స్కిన్ డాక్టర్ చెప్పారు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. అయినా అంటితే పొడి గుడ్డతో తుడిచి, సబ్బుతో కడగండి, అంతే.

రెండో టికెట్ పొరలుగా విడిపోయింది, పోయినట్టే. 1987 టికెట్ దక్కింది. అంచుల నుంచి రెజిన్ పీల్చుకుని, నూనె కారిన మిర్చి బజ్జీ కాగితంలా సగం ముదురు రంగుకి తిరిగింది. నంబరు మాత్రం చదవొచ్చు.

నాన్నకి అన్నీ చెప్పి చేతిలో పెట్టా. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు, ఏమీ అనలేదు. టైంటేబుల్ పుస్తకంలో పెట్టి, పుస్తకం బీరువాలో పెట్టి, తాళం తన మొలతాడుకి కట్టుకున్నారు. మూడో టికెట్ ఎక్కడిదని అడిగితే ఇంకా చెప్పట్లేదు.