కొత్త కారు మీద నారింజ చుక్కలు – ఎవరి తుప్పు?

దసరాకు ముందు సింగరేణి కార్మికులకు లాభాల్లో వాటా పంచుతారని మీకు తెలుసు. ఆ రోజుల్లో గోదావరిఖని, రామగుండం, 8 ఇంక్లైన్ కాలనీ వీధుల్లో కొత్త బండ్లు కనబడుతుంటాయి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక తెల్ల కారు కొన్నారనుకోండి. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, పసుపు కుంకుమ పెట్టి ఇంటికి తెచ్చారు. ఎండాకాలం గడిచింది. తొలకరి పడ్డాక ఒకరోజు ఉదయం బండి తుడుస్తుంటే బానెట్ మీద, తలుపుల మీద గసగసాలకన్నా చిన్నవైన నారింజరంగు చుక్కలు కనిపించాయి. తుడిస్తే పోవు. కడిగితే పోవు.

ఇక ఇంట్లో గొడవ మొదలవుతుంది. కంపెనీ వాడు పనికిరాని రేకు అంటగట్టాడని ఒకరంటారు. ఇదంతా మన బొగ్గు మహిమ అని ఇంకొకరంటారు. మూడో ఆయన మాటలతో పొద్దు పుచ్చడు. ఎమరీ కాగితమో, గిన్నెలు తోమే ఇనప పీచో పట్టుకుని పనిలోకి దిగుతాడు. ఈ ముగ్గురిలో కారుకు నిజంగా హాని చేసేది మూడో ఆయనే. మొదటి ఇద్దరి మాటల్లోనూ పొరపాటు ఉంది గాని, మాటలతో రంగు ఊడదు కదా!

గీకడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అది ఎవరి తుప్పు? కారుదా, లేక ఎక్కడినుంచో వచ్చి కారు మీద వాలిన పరాయి ఇనుముదా? నవ్వకండి. ఈ ప్రశ్నకు జవాబు మీ సైన్సు పుస్తకంలోనే ఉంది.

మూడు పరీక్షనాళికలు, మూడు మేకులు ఉన్న బొమ్మ మీరందరూ వేసే ఉంటారు. ఒకదానిలో మామూలు నీళ్ళు, ఒకదానిలో మరిగించి పైన నూనె పోసిన నీళ్ళు, ఒకదానిలో తేమను పీల్చే కాల్షియం క్లోరైడు. మొదటి మేకు మాత్రమే తుప్పు పడుతుంది. తుప్పుకు నీరు, ఆక్సిజన్ రెండూ కావాలని రాసి మార్కులు తెచ్చుకుంటారు. నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ పాఠం పరీక్ష హాలు దాటి ఇంటి ముందున్న బండి దాకా రావడం లేదు. వచ్చి ఉంటే ఆ ఎమరీ కాగితాన్ని మీరే లాక్కునేవారు!

ఎలాగో చూడండి. కారు రేకు మీద ఉన్నది ఒక పూత కాదు, కొన్ని పొరలు. ఈనాటి చాలా కార్లకు రేకు మీదే పల్చటి జింకు పూత ఉంటుంది. ఆ తరువాత కారు అస్థిపంజరం మొత్తాన్ని రంగు కలిపిన నీటి తొట్టిలో ముంచి కరెంటు పంపుతారు. విద్యుత్తు లాగడం వల్ల రంగు రేణువులు మూలమూలలకూ వెళ్ళి అతుక్కుంటాయి. 1960ల దశకంలో వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. ఆ పూతను కొలిమిలాంటి పొయ్యిలో, నీరు మరిగే వేడిని బాగా మించిన వేడిలో, కాలుస్తారు. దానిమీద మరో పూత, ఆ పైన మనకు కనిపించే రంగు, అన్నిటికన్నా పైన అద్దంలా మెరిసే లక్క లాంటి పారదర్శకమైన పొర. అన్నీ కలిపినా మందం 100 నుంచి 150 మైక్రాన్లే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మీ తల వెంట్రుకలు ఒకటి రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంతే! మెరిసే పైపొర ఒక్కటే చూస్తే 40, 50 మైక్రాన్లకు మించదు.

ఇప్పుడు ఆలోచించండి. కారు రేకులోని ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ గాలీ ఈ పొరలన్నిటినీ దాటి లోపలికి పోవాలి. పోయి తుప్పు పుట్టించాయే అనుకోండి, తుప్పు అది పుట్టిన ఇనుముకన్నా రెట్టింపుకు పైగా చోటు అడుగుతుంది. అందుకని పై రంగును నెట్టుకుంటూ బొబ్బలా ఉబ్బుతుంది. పగులుతుంది. పెచ్చు లేస్తుంది. రంగు నున్నగా, చెక్కుచెదరకుండా ఉండి, దాని నెత్తిన నారింజ చుక్క కూర్చుని ఉందంటే ఆ చుక్కకు ఇనుము లోపలినుంచి రాలేదు. పైనుంచి వచ్చింది. మూడు మేకుల పాఠం చెప్పే తీర్పు ఇది.

పైనుంచి ఇనుము ఎలా వస్తుంది? రైలు చక్రం ఉక్కు, పట్టా ఉక్కు. ఆ రెండూ ఒరుసుకున్నప్పుడల్లా, బ్రేకు వేసినప్పుడల్లా కంటికి ఆనని ఇనుప రజను రాలుతుంది. రామగుండం స్టేషను కాజీపేట – బల్లార్షా మార్గం మీద ఉంది. ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య నడిచే రైళ్ళు రాత్రింబగళ్ళు ఈ దారినే పోతాయి. వాటికి తోడు బొగ్గు రేకులు. అదిగాక, గనుల నుంచి ఎన్టీపీసీ కేంద్రానికి బొగ్గు చేరవేసే ప్రత్యేకమైన రైలు మార్గం కూడా ఉంది. ఆగకుండా చుట్టూ తిరుగుతూ ఉంటుంది కనుక దాన్ని మెర్రీ గో రౌండ్ అని పిలుస్తారు, జాతరలో రంగులరాట్నం లాగా అన్నమాట. అమెరికాలో కొత్త కార్లు రైళ్ళ మీద రావడం వల్ల ఈ చుక్కలకు అక్కడ రైలు ధూళి అనే పేరే స్థిరపడిపోయింది.

రైలుదే తప్పంతా అనుకోకండి. కార్లకూ మోటారు సైకిళ్ళకూ ఉండే బ్రేకు పళ్ళేలు అరిగి రాలే పొడి కూడా ఇనుమే. వీధి చివర గేట్లు చేసే వెల్డింగ్ షాపులో గ్రైండరు నుంచి చిమ్మే నిప్పురవ్వలు చూశారా? ఒక్కొక్క రవ్వ కాలుతున్న ఇనుప ముక్క. అది వేడివేడిగా రంగు మీద పడితే కాస్త కరిగించుకుని అందులోనే పాతుకుపోతుంది. ఇక మీరు ఎంత తుడిచినా కదలదు.

మే నెలలో రామగుండం ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. గాలి పొడిగా ఉన్నంత కాలం ఆ రేణువులు ఊరికే కూర్చుని ఉంటాయి. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు ఊపందుకుంటుంది. తొలకరి తరువాత చుక్కలన్నీ ఒక్కసారిగా కనిపించడం అందుకే. తెల్ల కారు మీదే ఎక్కువ పడతాయనేది కూడా భ్రమ. నల్ల కారు మీదా పడతాయి, కనబడవు అంతే.

మరి బొగ్గు నిర్దోషా? బొగ్గు తుప్పు పట్టదు. దాని మరక నల్లగా ఉంటుంది గాని నారింజరంగులో కాదు. కాని పూర్తిగా నిర్దోషి అనీ అనలేం. 1920ల దశకంలో బ్రిటన్‌లో వెర్నన్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. గదిలో ఒక ఇనుప రేకును అలాగే వేలాడదీశాడు. మరొకదాని చుట్టూ పల్చటి మల్లుగుడ్డతో పంజరంలా కట్టాడు. గుడ్డలోంచి గాలీ తేమా మామూలుగానే పోతాయి, దుమ్ము మాత్రం పోదు. విప్పి ఉన్న రేకు తుప్పు పట్టింది. గుడ్డలో ఉన్నది నెలలు గడిచినా దాదాపు అలాగే ఉంది! ఆ తరువాత కట్టెబొగ్గు పొడి చల్లిన రేకును సల్ఫర్ డయాక్సైడు ఉన్న తేమ గాలిలో ఉంచి చూస్తే తుప్పు ఎన్నో రెట్లు వేగంగా పట్టింది. బొగ్గు రేణువు వాయువులను తన ఒంట్లోకి పీల్చుకుని, ఇనుము పక్కనే ఆమ్లపు చుక్కను తయారుచేసి పెడుతుందన్నమాట. అంటే మన ప్రాంతంలో బొగ్గు దొంగ కాదు గాని దొంగకు నిచ్చెన పట్టుకునే వాడు.

మన దేశపు బొగ్గులో గంధకం తక్కువన్నది నిజమే, బూడిదే ఎక్కువ. కాని కాలే బొగ్గు ఎంత? ఎన్టీపీసీ పాత కేంద్రం 2600 మెగావాట్లది. దాని పక్కన 2023, 2024 సంవత్సరాలలో 800 మెగావాట్ల యూనిట్లు మరో రెండు వచ్చాయి. పొగలోని సల్ఫర్ డయాక్సైడుకు కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో హద్దులు పెట్టింది. గడువు పలుమార్లు పొడిగించి, 2025 జులైలో దేశంలోని చాలా విద్యుత్ కేంద్రాలకు ఆ వాయువును కడిగే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చారు. కారు బానెట్‌ను కడిగినంత తేలికగా ఊపిరితిత్తులను కడగలేం గనుక, ఈ మినహాయింపు నాకు నచ్చలేదు. ఇది నా అభిప్రాయం. మీ తరగతిలో వాదించి చూడండి.

సరే, చుక్కల దగ్గరికి వద్దాం. కారును శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. పల్చటి ప్లాస్టిక్ సంచీలో చేయి పెట్టి వేళ్ళతో మెల్లగా రంగు మీద నిమరండి. ఒట్టి చేతికి తెలియని గరుకు సంచీలోంచి చక్కగా తెలుస్తుంది. ఇసుక చల్లినట్లు తగిలితే పరాయి రేణువులు పాతుకున్నాయన్నమాట. తరువాత భూతద్దంతో చూడండి. చుక్క నడుమ నల్లటి గింజ, చుట్టూ నారింజ వలయం ఉంటే అది పైనుంచి వచ్చినదే. గుంట పడి, అంచులు లేచి ఉంటే రాయి తగిలి రంగు ఊడిన చోటు. బొగ్గు లారీలు, మట్టి టిప్పర్లు తిరిగే దారుల్లో ఇది మామూలే. బొబ్బ ఉంటే మాత్రం లోపలి తుప్పు. కంపెనీ వాళ్ళతో పోట్లాడవలసింది ఈ మూడో రకానికి. మొదటి రకానికి పోట్లాడితే వాళ్ళు గ్యారంటీ కాగితం తీసి, బయటినుంచి పడిన వాటికి మాకు పూచీ లేదని చూపిస్తారు.

పైనుంచి వచ్చిన రేణువులను తీయడానికి థయోగ్లైకొలేటు అనే రసాయనం కలిపిన ద్రావకాలు దొరుకుతాయి. దాన్ని చల్లితే ఇనుముతో కలిసి ఊదారంగుకు మారి, రేణువును వదిలించి కిందికి కారుతుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని వాసన మాత్రం కుళ్ళిన కోడిగుడ్డే! జుట్టును ఉంగరాలు తిప్పడానికి వాడే మందులోనూ ఇదే ఉంటుంది. ఈ పని పెద్దవాళ్ళు చేయాలి. చేతులకు తొడుగులు వేసుకుని, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, ఎండిపోకముందే నీళ్ళతో కడిగెయ్యాలి. ఇంకా మిగిలితే జపాను వాళ్ళు కనిపెట్టిన ఒక రకం బంకమట్టి ముద్ద ఉంది. సబ్బునీళ్ళు పోస్తూ దానితో మెల్లగా రాస్తే గింజలు ముద్దకు అతుక్కుని వచ్చేస్తాయి. ముద్ద నేల మీద పడితే మళ్ళీ వాడకండి, ఇసుక అంటుకుని గీతలు పెడుతుంది. చివర మైనం పూయాలి. బాత్‌రూం కడిగే యాసిడ్ మాత్రం కారు దరిదాపులకు తేవద్దు. అది తుప్పుతో పాటు జింకునూ ఇనుమునూ కూడా తినేస్తుంది.

రాయి తగిలి ఊడిన చోట గీకక తప్పదు. అయితే ఆ ఒక్క చోటే. మెరిసే లోహం కనిపించేదాకా గీకి, ప్రైమరు, రంగు, పైపొర వరసగా వేయించాలి. జింకు రేకుల ఇంటి కప్పు మీద గీత పడినా వెంటనే తుప్పు పట్టకపోవడం చూశారుగా? జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. కారు రేకు మీదా అదే జరుగుతుంది, కాని జింకు అయిపోయేదాకానే. తలుపంతా కొత్త రంగు వేసేద్దామని ఎవరైనా అంటే మీ నాన్నగారిని ఆపండి. ఫ్యాక్టరీలో ముంచి కాల్చిన పూత ఏ రోడ్డు పక్క షాపులోనూ తిరిగి రాదు. నాలుగు చుక్కలకు భయపడి దాన్ని పోగొట్టుకోవడం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

కారు లేని వాళ్ళు చేయదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. తెల్ల పింగాణీ పలకలు నాలుగు సంపాదించండి. ఒకటి మీ డాబా మీద, ఒకటి బడిలో, ఒకటి పెద్ద రోడ్డు పక్క స్నేహితుడి ఇంట్లో, ఒకటి రైలు మార్గానికి దగ్గరగా ఉన్న వాళ్ళ ఇంట్లో వారం రోజులు ఆరుబయట పెట్టండి. పట్టాల దగ్గరికి మాత్రం మీరు వెళ్ళకండి. వానలు లేని రోజులు చూసుకోండి. పడిన దుమ్మును కాగితంలోకి తీసి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన అయస్కాంతాన్ని పైన ఆడించండి. అతుక్కున్నదంతా ఇనుమే అని తొందరపడి రాసేయకండి. విద్యుత్ కేంద్రపు బూడిదలో మాగ్నటైటు అనే ఇనుప ఆక్సైడు గోళీలు ఉంటాయి, అవీ అతుక్కుంటాయి. రెండింటినీ విడదీయాలంటే ఆ పొడిని తడి దూది మీద చల్లి, చిటికెడు ఉప్పు నీళ్ళు చిలకరించి రెండు రోజులు ఉంచండి. మాగ్నటైటు నల్లగానే ఉంటుంది. ఇనుము నారింజ వలయం వేస్తుంది. ఏ పలక మీద ఎన్ని వలయాలు వచ్చాయో లెక్కించి, గాలి ఎటునుంచి వీచిందో కూడా పక్కన రాసి మాకు పంపండి.