సంపాదకుని మాట: ఇంటి చదువు

నిజాము కొలువునకు వచ్చిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు నేటికిని నివసించు హైదరాబాదు బార్కస్‌లో, పసివాండ్రు పెద్దల యెదుట కూర్చుండి, అర్థమునకు మున్ను ఉచ్చారణమును, వ్యాఖ్యకు మున్ను కంఠపాఠమును అలవఱచుకొను ఖురాను చదువు, ఒకనాడు తెలుగు లోగిళ్లలో అమరకోశమును, శబ్దమంజరిని, పిదప రఘువంశమును వల్లె వేయించిన పద్ధతికి సహోదరమే. (ఆ లోగిళ్లలో ఆడుబిడ్డలకు తఱచుగా చోటు దొరకలేదన్నది మఱవరాదు.) తాత్పర్యము తెలియని వల్లె నిష్ఫలమని ఆధునికులు ఆక్షేపింతురు; అది కొంతవఱకు సత్యమే కాని, ఐదేండ్లకు నాలుకకు పట్టిన శబ్దము ఇరువదేండ్లకు అర్థవంతమై ఫలించుట మేమెఱుగనిది కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల బాలలకు బడినే ఉద్దేశించినది. అయినను, ఇంటనే ప్రాచీన గ్రంథములు చెప్పు తలిదండ్రుల వ్యాసములకు ఈ సంచికలో చోటిచ్చితిమి. గణితము మాట వారిలో పెక్కురు దాటవేసిరి. అది మాకు నచ్చలేదు.