ఫ్రేమ్ లాక్ అరిగితే చాకు పాడైనట్టేనా? మొదటి రోజు రివ్యూలు చెప్పని సంగతి

కొత్త ఫోన్ కొన్న రోజు బ్యాటరీ హెల్త్ 100 శాతం చూపిస్తుంది. అది చూసి "బ్యాటరీ అదిరింది" అని ఎవరైనా రివ్యూ రాస్తే నవ్వుకుంటాం. రెండేళ్ల తర్వాత ఎంత ఉంటుందో చెప్పు బాస్ అంటాం. కానీ ఫోల్డింగ్ చాకుల దగ్గరికి వచ్చేసరికి అందరం అదే పని చేస్తున్నాం. బాక్స్ తెరవగానే బ్లేడ్ విప్పి, అటూ ఇటూ ఊపి, "లాక్ రాయిలా ఉంది, అస్సలు కదలట్లేదు" అని పదికి తొమ్మిది వేసేస్తున్నాం. నేను రాసిన వాటిలోనూ అలాంటివి ఉన్నాయి. ఈసారి ఆ తప్పు గురించే మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఫ్రేమ్ లాక్ అరగడం లోపం కాదు, అది ఆ డిజైన్‌లోనే ఉంది. అరిగిన తర్వాత ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు లేకుండా మన దగ్గర వేలకు వేలు తీసుకోవడం, అదీ లోపం.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

1980ల్లో మైఖేల్ వాకర్ అనే అమెరికన్ కత్తుల తయారీదారు ఇప్పుడు మనం చూసే లైనర్ లాక్‌ను తయారుచేశాడు. పిడి లోపల ఉన్న పల్చటి రేకు స్ప్రింగ్‌లా పక్కకు వచ్చి, విప్పిన బ్లేడ్ వెనక అడ్డుపడుతుంది. దాన్నే క్రిస్ రీవ్ ఇంకో మెట్టు ఎక్కించాడు. పల్చటి రేకు బదులు టైటానియం పిడి పలకనే పొడవుగా చీల్చి, ఆ ముక్కనే లాక్‌గా వాడాడు. అదే ఫ్రేమ్ లాక్. ఆయన చేసిన సెబెంజా మూడు దశాబ్దాలకు పైగా మార్కెట్లో ఉంది. జులూ భాషలో ఆ మాటకు అర్థం 'పని'.

ఇందులో కీలకం ఒక వాలు. బ్లేడ్ వెనక భాగం నిటారుగా ఉండదు, కొన్ని డిగ్రీలు ఏటవాలుగా కోసి ఉంటుంది. లాక్ బార్ ఆ వాలు మీద జారుతూ వెళ్లి, బిగుసుకున్న చోట ఆగుతుంది. గాలికి తలుపు కొట్టుకోకుండా కింద చెక్క ముక్క దోపుతాం కదా, అచ్చం అలాగే. ఆ చెక్క కాస్త అరిగితే ఏం చేస్తాం? ఇంకొంచెం లోపలికి తోస్తాం, తలుపు మళ్లీ బిగుస్తుంది. ఫ్రేమ్ లాక్‌లో ఆ తోసే పని స్ప్రింగ్ చేస్తుంది. అరిగిన కొద్దీ బార్ తనంతట తానే పక్కకు జరిగి వదులును సర్దుకుంటుంది.

కాబట్టి కొన్నప్పుడు 30 శాతం దగ్గర ఆగిన లాక్ కొన్నాళ్లకు 50 శాతానికి వచ్చిందంటే అది చెడిపోలేదు. తన పని తాను చేస్తోంది.

అరుగుదల ఎక్కడ మొదలవుతుంది?

పిడికి ఎక్కువగా వాడే గ్రేడ్ 5 టైటానియం గట్టిదనం రాక్‌వెల్ సి స్కేల్‌లో సుమారు 36. బ్లేడ్ స్టీల్ 58 నుంచి 62 మధ్యలో ఉంటుంది. ఈ రెండూ ఒత్తుకుంటూ రాసుకుంటే ఎవరు ఓడిపోతారో చెప్పక్కర్లేదు. పైగా టైటానియానికి ఇంకో గుణం ఉంది. ఒత్తిడిలో స్టీల్‌తో రాసుకున్నప్పుడు దానికి అతుక్కుని, పొరలుగా చిరుగుతుంది. లాక్ విప్పేటప్పుడు బొటనవేలికి బార్ పట్టేసినట్టు అనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

మొదటి రోజుల్లో అరుగుదల వేగంగా కనిపిస్తుంది. కొత్తలో రెండు ముఖాలూ పూర్తిగా ఆనవు. కంటికి కనిపించని గరుకు మొనలే తగులుతాయి, ముందు అవే నలిగిపోతాయి. తర్వాత తాకే వైశాల్యం పెరిగి, వేగం తగ్గుతుంది. అందుకే మొదటి నెల చూసి కంగారుపడకూడదు, మొదటి రోజు చూసి మురిసిపోనూ కూడదు.

ఇక మనం చేసే డ్యామేజీ వేరే ఉంది. మీటింగ్ నడుస్తుంటే మ్యూట్‌లో పెట్టి టక్ టక్‌మని బ్లేడ్ ఎగరేసే అలవాటు. ఎగరేసిన ప్రతిసారీ బ్లేడ్ వేగంగా వచ్చి స్టాప్ పిన్‌కి కొట్టుకుంటుంది, అదే క్షణంలో బార్ దాని వెనక దూకుతుంది. మెల్లగా విప్పడానికీ ఇలా కొట్టడానికీ తేడా, తలుపు వేయడానికీ విసిరి కొట్టడానికీ ఉన్నంత.

నాకు జరిగింది

ఇది అనుభవంతోనే చెబుతున్నా. రివ్యూ పార్శిళ్లు తెరవడానికి ఏడాదిన్నర పాటు ఒకే టైటానియం ఫ్రేమ్ లాక్ వాడాను. బ్రాండ్ పేరు వద్దులెండి. కొన్నప్పుడు లాక్ మూడో వంతు దగ్గర ఆగేది. రోజూ ఎన్నిసార్లు ఎగరేసేవాణ్నో లెక్కే లేదు. ఒకరోజు పెద్ద పెట్టెకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కిందకి బ్లేడ్ దూర్చాను, అది ఇరుక్కుంది. బయటికి లాగుతుంటే బరువంతా బ్లేడ్ వీపు మీద పడింది. చేతిలో చిన్నగా 'టక్' మని కదలిక. లాక్ ఊడలేదు, వేలూ తెగలేదు. కానీ మడతపడితే బ్లేడ్ వచ్చి పడేది నా చూపుడు వేలి మీదే అని ఆ అర సెకనులో అర్థమైంది.

వెలుతురులో పెట్టి చూస్తే బార్ అవతలి పలకను దాదాపు తాకుతోంది. అంటే ఇంక జరగడానికి చోటు లేదు, అరుగుదలను సర్దుకునే దారి మూసుకుపోయింది. వారంటీ అడిగితే మామూలు అరుగుదల కవర్ కాదన్నారు. కావాలంటే సొంత ఖర్చుతో విదేశానికి పంపమన్నారు. కొరియర్, కస్టమ్స్ లెక్క వేస్తే కొత్తది కొనుక్కోవడమే నయం. అప్పటిదాకా నేను రాసిన తొమ్మిది మార్కులకు విలువ ఎంతో ఆ రోజు తెలిసింది.

శాతాల పిచ్చి వద్దు

దీని తర్వాత నేనూ కొన్నాళ్లు అవతలి చివరికి వెళ్లాను. కొత్త చాకు చేతికి రాగానే లాక్ ఎంత శాతం దగ్గర ఆగిందో చూడటం, 50 దాటితే వద్దనుకోవడం. అది కూడా తప్పే. మరీ అంచున, 10-15 శాతం దగ్గర ఆగితే బార్ బ్లేడ్‌ని సరిగ్గా పట్టుకున్నట్టు నమ్మలేం. 60 దగ్గర ఆగి ఏళ్ల తరబడి అక్కడే నిలిచేవీ ఉన్నాయి. ఇప్పుడు ఎంత ఉందన్నది కాదు, ఎంత వేగంగా జరుగుతోంది, ఇంకా ఎంత చోటు మిగిలింది అన్నవి చూడాలి. బ్యాటరీ హెల్త్‌లో మనం చూసేదీ అదే కదా.

మరి పరిష్కారం?

పరిశ్రమకు ఈ సమస్య కొత్త కాదు. బార్ కొన మీద నిప్పురవ్వతో టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేయడం ఒక పద్ధతి. సెబెంజా 31లో బార్ చివర చిన్న సిరామిక్ బంతి పెట్టారు, బ్లేడ్‌కి తగిలేది ఆ బంతే. ఇంకొందరు బార్ చివర విడిగా ఒక స్టీల్ ముక్కను స్క్రూలతో బిగిస్తారు. దాన్నే ఇన్సర్ట్ అంటారు. టైటానియం బదులు స్టీల్ వెళ్లి స్టీల్‌ని తాకుతుంది, రాపిడి తగ్గుతుంది, పట్టేయడం కూడా తగ్గుతుంది.

నా ఓటు ఇన్సర్ట్‌కే. ఎక్కువ కాలం వస్తుందని మాత్రమే కాదు, దాన్ని విప్పి మార్చొచ్చు. అరిగే భాగాన్ని అరిగే భాగంగా ఒప్పుకున్న డిజైన్ అది. ఫోన్‌లో బ్యాటరీ మార్చుకునే వీలుండాలని గొడవ చేసే మనం, చాకులో లాక్ ముక్క మార్చుకునే వీలు అడగకపోతే ఎలా?

దీనికి ఎదురు వాదన ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. స్క్రూలు ఎక్కువైతే వదులయ్యే చోట్లు కూడా ఎక్కువవుతాయి. బాగా చేసిన చాకు ఇన్సర్ట్ లేకుండానే దశాబ్దాలు పనిచేస్తుంది. పిడి మొత్తం స్టీల్‌తో ఉన్న చవక ఫ్రేమ్ లాక్‌లకు ఈ గోలే తక్కువ, బరువు ఎక్కువ అంతే. నిజమే. కానీ దశాబ్దాలు నడిపించే కంపెనీ సర్వీస్ దగ్గర్లో ఉన్న కొనుగోలుదారుడి మాట అది. మనకు ఆ సర్వీస్ సముద్రం అవతల ఉంది. ఇన్సర్ట్ ఉన్నా, విడిగా ఆ ముక్క ఇక్కడ దొరక్కపోతే ఉన్నా లేనట్టే. కాబట్టి కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ స్టీల్?" కాదు, "ఇన్సర్ట్ విడిగా దొరుకుతుందా?"

మీ చాకును ఇలా చూసుకోండి

ఫోన్‌లో మాక్రో మోడ్ ఉంది కదా, ఇప్పటికైనా దానికో పని పెట్టండి. బ్లేడ్ విప్పి, పిడి వెనక వైపు నుంచి లాక్ ఆగిన చోటు ఫొటో తీయండి. నెలకోసారి అదే కోణంలో, అదే వెలుతురులో తీసి పోల్చండి.

పోల్చే ముందు లాక్ ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టేప్ జిగురు, అట్టపెట్టెల దుమ్ము పేరుకుంటే లాక్ ముందే ఆగిపోతుంది, లెక్క తప్పుతుంది.

బ్లేడ్ పక్కలకు ఊగితే ముందు పివట్ స్క్రూ చూడండి, చాలాసార్లు బిగిస్తే సరిపోతుంది. పైకీ కిందకీ కదిలితే మాత్రం సమస్య లాక్‌దో, స్టాప్ పిన్‌దో. అప్పుడు దాన్ని పనికి వాడటం ఆపేయండి. వేళ్లు బ్లేడ్ దారిలో లేకుండా పట్టుకుని, వీపు మీద చేత్తో మెల్లగా ఒత్తి చూస్తే చాలు. వీడియోల్లో చూపించినట్టు వీపును బల్లకేసి కొట్టకండి. బాగున్న లాక్‌ని కూడా అది పాడుచేయగలదు.

లాక్ విప్పేటప్పుడు బార్‌ను అవసరమైనంత మేరకే నొక్కండి. మరీ బయటికి వంచితే స్ప్రింగ్ బిగువు పోతుంది, అది అరుగుదల కంటే పెద్ద తలనొప్పి. రిక్ హిండరర్ తన చాకుల్లో బార్ మరీ వంగకుండా ఆపే గుండ్రటి బిళ్ల పెట్టింది అందుకే. మీ దాంట్లో అలాంటిది లేకపోతే ఆ జాగ్రత్త మీ బొటనవేలిదే.

మా వైపు నుంచి ఒక మాట

ఇకమీదట నేను రాసే ఏ ఫ్రేమ్ లాక్ రివ్యూలోనైనా మొదటి రోజు లాక్‌కి మార్కులు ఉండవు. మొదటి రోజు ఫొటో ఉంటుంది. వెయ్యిసార్లు తెరిచి మూసిన తర్వాత ఇంకో ఫొటో ఉంటుంది. ఇన్సర్ట్ మార్చొచ్చా, ఆ ముక్క ఇక్కడ దొరుకుతుందా అన్నది రాస్తాను. మార్కులు ఆ తర్వాతే. రివ్యూ కొంచెం లేటవుతుంది, తిట్టుకోకండి.

ఫోన్ బ్యాటరీ అరిగితే మధ్యాహ్నానికి చార్జర్ వెతుక్కుంటాం, అంతే. ఇక్కడ లాక్‌కీ మన వేలికీ మధ్య ఇంకేమీ లేదు.