సగం పాయింటు దానం కాదు

చదరంగంలో తక్కువ రేటింగ్ ఉన్నవాడు మేటి ఆటగాడితో డ్రా చేస్తే, మేటివాడు ఆ రోజు సరిగా ఆడలేదనో, రెండోవాడికి అదృష్టం కలిసొచ్చిందనో అనడం పరిపాటి. ఆట స్వభావం తెలిస్తే ఈ మాట నిలవదు.

చదరంగంలో ఎదుటివాడు తప్పు చేయందే గెలుపు రాదు. ఇరువైపులా పొరపాటు లేకుంటే ఆట డ్రా అవుతుందన్నది ఇంకా రుజువు కాలేదు గాని, నిపుణుల్లో అత్యధికులు నమ్మేది అదే. కాబట్టి మేటివాడు తప్పు చేయించాలి. రెండోవాడు ఆట పోగొట్టే తప్పు చేయకుంటే చాలు. ఈలో రేటింగ్ లెక్క ప్రకారం 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి ఆటకు సగటున దక్కేది 0.76 పాయింటే. కింది వాడికి మిగిలిన 0.24లో డ్రాల వాటా కూడా కలిసే ఉంది.

బంటు ఎక్కువున్నవాడు గెలిచి తీరాలన్న వాదనకు 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడార్ పేరిట ఉన్న స్థితే జవాబు. తెల్లవాడికి రాజు, ఏనుగు, అయిదో వరసలో బంటు. నల్లవాడికి రాజు, ఏనుగు మాత్రమే. నల్లరాజు ఆ బంటుకు ఎదురుగా చివరి వరసలో నిలుస్తాడు. నల్ల ఏనుగు ఆరో వరసను కాస్తూ తెల్లరాజును ముందుకు రానివ్వదు. బంటు ఆరో వరసకు జరిగిన మరుక్షణం ఏనుగు మొదటి వరసకు దిగి వెనకనుంచి చెక్‌లు ఇస్తుంది. బంటు ముందుకు వెళ్లిపోయింది కాబట్టి తెల్లరాజు తలదాచుకునే గడి ఉండదు. ఏనుగు తొందరపడి ముందే దిగితే ఈ రక్షణ చెదిరిపోవచ్చు. ఇది తెలిసి ఆడేవాడికి అదృష్టంతో పనిలేదు.

2004 రెక్యావిక్ ర్యాపిడ్ పోటీలో 13 ఏళ్ల మాగ్నస్ కార్ల్‌సన్, అప్పటి ప్రపంచ నంబర్ వన్ కాస్పరోవ్‌తో తొలి ఆట డ్రా చేశాడు. ఆ ఆటలో ఒక దశలో బాలుడిదే పైచేయి. రెండో ఆట కాస్పరోవ్ గెలిచాడు. ఇద్దరి బలంలో తేడాను అది చూపింది. తొలి ఆటలో బాలుడు వేసిన ఎత్తుల విలువను మాత్రం తగ్గించలేదు.

పోరాడకుండానే చేతులు కలిపే డ్రాలపై విమర్శ సబబే. 2005లో సోఫియా టోర్నీ ఆటగాళ్లు తమలో తాము డ్రా ప్రతిపాదించుకోకూడదని నియమం పెట్టింది. అయినా ఒకే స్థితి మూడుసార్లు రావడం, కదలడానికి ఎత్తు లేకపోవడం, 50 ఎత్తుల నియమం వంటి దారుల్లో డ్రా మిగిలే ఉంది. ఆ డ్రా విలువ తేల్చాల్సింది ఆటలోని ఎత్తులను బట్టి. ఆటగాళ్ల రేటింగ్‌ను బట్టి తీర్పు చెప్పడం విశ్లేషణ అనిపించుకోదు.