తన విద్యకుఁ దానే సాక్షియా?

వైద్యవిద్యార్థి ప్రజ్ఞను అతఁడే తూఁచుకొనవలెనా, పరీక్షకుఁడు తూఁచవలెనా యను ప్రశ్న కళాశాలల ప్రాకారములలో ముగియునది కాదు. ఆబిడ్సు దాఁటి నాంపల్లి చేరి, రెడ్‌హిల్సునందలి నీలోఫరు వైద్యశాల వాకిట బిడ్డ నెత్తుకొని నిలుచు తల్లికి సంబంధించినది. 1953లో స్థాపితమైన యా వైద్యశాల ఉస్మానియా వైద్యకళాశాల విద్యార్థులకు బోధనాస్థానము. విరేచనములతో సొమ్మసిల్లిన పసికందు కన్నులు లోతునకుఁ బోయినవా, మడిచి విడిచిన చర్మము వెంటనే సర్దుకొన్నదా యని గుర్తింపవలసిన వాఁడు రేపు ఈ విద్యార్థియే. "నాకు వచ్చును" అను అతని మాట యచ్చటఁ జాలునా?

చాలదని మా యభిప్రాయము. వైద్యుల యాత్మపరిశీలనమును బాహ్యపరీక్షలతో సరిపోల్చిన పరిశోధనలను డేవిసు మొదలగువారు 2006లో సమీక్షించిరి. 20 పోలికలలో 13 యందు రెంటికిని పొత్తు స్వల్పమో, శూన్యమో, విపరీతమో యైనది. నేర్పు తక్కువగను ధైర్యము ఎక్కువగను గలవారి యంచనాలే మిక్కిలి తప్పినట్లు కొన్ని పరిశోధనలలోఁ దేలినది.

మన నగరచరిత్రయు నిట్టి హెచ్చరికనే చేయుచున్నది. 1846లో నెలకొన్న హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతియై యుండిన ఎడ్వర్డు లారీ, శ్వాసను కనిపెట్టి యున్నచో క్లోరోఫారమువలన గుండెకు నేరుగా భయము లేదని దృఢముగా నమ్మెను. 1888, 1889 సంవత్సరముల హైదరాబాదు క్లోరోఫారము సంఘములు ఆ నమ్మకమునే సమర్థించినవి. తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ప్రాణము పోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగపూర్వకముగాఁ జూపెను. అనుభవశాలి నమ్మకమే యిట్లు తప్పఁగా, విద్యార్థి నమ్మకము మాట చెప్పనేల?

అట్లని వ్రాఁతపరీక్షకు మేము హారతి పట్టువారము కాము. కంఠస్థము చేసి మార్కులు గడించినవాఁడు రోగి ప్రక్కఁ దడఁబడవచ్చును. 1975లో డండీ నగరమున హార్డెను ప్రకటించిన పద్ధతిలో విద్యార్థి యొక చోటినుండి వేఱొక చోటికిఁ బోయి, రోగి నడిగియు, పరీక్షించియుఁ జూపును. పరీక్షకులు ముందే నిర్ణయించిన పట్టిక ననుసరించి గుణించుదురు. మన దేశమున 2019లోఁ బ్రవేశించిన నూతన పాఠ్యప్రణాళికయు విద్యార్థి నైపుణ్యములను పుస్తకమున నమోదు చేయ విధించినది. ఆ పుస్తకము సంతకముల పోఁగు కారాదు.

కావున మా సూచన యిది: విద్యార్థి తన యంచనాను ముందుగా వ్రాయవలెను, వెంటనే గురువు రోగిసమక్షమునఁ బరీక్షింపవలెను, రెంటిని ప్రక్కప్రక్క నుంచి చూపవలెను. ఆ వ్యత్యాసమే యతనికి నిజమైన పాఠము. గురువులు చాలరందురా, చాలినందఱిని నియమించుట ప్రభుత్వ ధర్మము. ఆ ఖర్చును తప్పించుకొన్నచో, దానిని చెల్లింపవలసినది వాకిట నిలిచిన ఆ తల్లియే.